కాళ్ళ కింద ఎవరి నేల? పోస్ట్‌కలోనియల్ సైన్స్ ఫిక్షన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రకం నవలలు, కథలు చాలా ఏళ్ళుగా చదువుతున్నాను. దొరికినవాళ్ళందరి చేతా చదివిస్తున్నాను కూడా. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నిటి దగ్గర ఆగిపోతాను, నాకు ఈ సాహిత్యం మీద ప్రేమ పుట్టింది అక్కడే కాబట్టి.

పోస్ట్‌కలోనియల్ సైన్స్ ఫిక్షన్ అంటే ఏమిటి?

వలస పాలనలో నలిగిన దేశాలవాళ్ళు, ఆ పాలన వల్ల సొంత నేల పోగొట్టుకున్న జాతులవాళ్ళు రాసే సైన్స్ ఫిక్షన్. రాకెట్లు, గ్రహాంతరవాసులు, కాలయానం అన్నీ ఇందులోనూ ఉంటాయి. మారేది చెప్పేవాడు నిలబడిన చోటు. పాత కథల్లో మనం ఓడలో ఉంటాం, కొత్త తీరం దూరం నుంచి కనిపిస్తుంది. ఈ కథల్లో మనం ఒడ్డున ఉంటాం, ఓడ వస్తూ ఉంటుంది.

ఈ పేరుతో వచ్చిన సంకలనాల్లో ముందుగా చెప్పుకోవలసింది 2004 నాటి 'సో లాంగ్ బీన్ డ్రీమింగ్'. జమైకాలో పుట్టిన నాలో హాప్కిన్సన్, ఉప్పిందర్ మెహాన్ కలిసి సంపాదకత్వం వహించారు.

"వలస" అంటే ఊరు వదిలిపోవడం కదా. మరి ఇంకొకడు వచ్చి ఏలితే దాన్నీ "వలస పాలన" అంటామేం?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. పని కోసం మూట కట్టుకుని పోయిన మనిషిదీ వలసే, తుపాకీ, దస్తావేజూ పట్టుకుని దిగినవాడిదీ వలసే. తెలుగు ఈ రెండిటినీ ఒకే మాటలో పెట్టేసింది. ఈ సాహిత్యం నడిచేదంతా ఆ రెండు అర్థాల మధ్యే.

కరీబియన్ దీవులు చూడండి. ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి తెచ్చిన బానిసలు ఒకవైపు. 1845లో ఫతెల్ రజాక్ అనే ఓడలో ట్రినిడాడ్‌లో దిగిన మొదటి భారతీయ కూలీలు ఇంకోవైపు. వీళ్ళెవరూ ఆక్రమించడానికి వచ్చినవాళ్ళు కారు. అయినా వాళ్ళు నాట్లు వేసింది, ఇళ్ళు కట్టుకున్నది అంతకుముందే వేరే మనుషులు బతికిన నేల మీద. అలాంటి చోట పుట్టిన మనిషిని "నీ ఊరేది?" అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు రాదు. ఆ రాని జవాబు కోసమే చాలామంది ఇంకో గ్రహం దాకా వెళ్ళారు.

కొండలు, అడవులు, నదుల వర్ణన ఏ నవలలోనైనా ఉంటుంది. ఇందులో ప్రత్యేకం ఏముంది?

మామూలు నవలలో నేల అక్కడ ఉంటుందంతే. సైన్స్ ఫిక్షన్‌లో నేలని రచయిత తయారు చేయాలి. తయారు చేసేటప్పుడు వచ్చే మొదటి ప్రశ్న, అక్కడ ముందే ఎవరైనా ఉన్నారా అని. పాత అంతరిక్ష కథల్లో చాలావాటికి దీని జవాబు సిద్ధంగా ఉండేది: ఎవరూ లేరు, ఉన్నా లెక్కలోకి రారు. ఆ జవాబు గాల్లోంచి పుట్టలేదు. ఆస్ట్రేలియాని బ్రిటిష్‌వాళ్ళు "ఎవరికీ చెందని నేల" అన్న లెక్కలోనే తీసుకున్నారు. దీన్నే లాటిన్‌లో టెరా నల్లియస్ అంటారు. ఆ వాదనని ఆస్ట్రేలియా హైకోర్టు మాబో కేసులో కొట్టేసింది 1992లో. అక్కడి మూలవాసులు మాత్రం పదుల వేల ఏళ్ళుగా ఆ నేల మీదే ఉన్నారు.

ఇంగ్లిష్ రచయిత హెచ్. జి. వెల్స్‌కి ఈ సంగతి బాగా తెలుసు. 1898లో వచ్చిన 'ద వార్ ఆఫ్ ద వరల్డ్స్' మొదటి అధ్యాయంలోనే, ఇంగ్లండ్ మీద దండెత్తిన మార్స్‌వాళ్ళని తిట్టే ముందు, ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవి మనుషులకి యూరప్‌వాళ్ళు ఏం చేశారో గుర్తు తెచ్చుకోమంటాడు. లండన్ చుట్టుపక్కల ఊళ్ళు తగలబడుతుంటే ఇంగ్లిష్ పాఠకుడికి తన నేలే పరాయిదైపోతుంది. కానీ ఆయన కూడా టాస్మేనియావాళ్ళు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయారనే రాశాడు. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఉన్నారు. సానుభూతితో రాసినవాడు కూడా మనుషుల్ని నేల మీద నుంచి ఎలా చెరిపేస్తాడో చూపడానికి నేను ఈ ఉదాహరణే చెబుతుంటాను.

పేర్ల గురించి ఇంత పట్టింపు ఎందుకు?

నేలని సొంతం చేసుకోవడం పేరు పెట్టడంతో మొదలవుతుంది. జాంబియా, జింబాబ్వే సరిహద్దులో ఒక జలపాతం ఉంది. అక్కడివాళ్ళు మోసి-ఓ-అ-తున్యా అంటారు, ఉరిమే పొగ అని. 1855లో బ్రిటిష్ అన్వేషకుడు లివింగ్‌స్టన్ దాన్ని చూసి తన రాణి పేరు పెట్టాడు. ఉరిమే పొగ అంటే కళ్ళు మూసుకున్నా ఆ చోటు తెలుస్తుంది. విక్టోరియా అంటే ఆ రాణి గురించి తప్ప నీళ్ళ గురించి ఒక్క ముక్క తెలియదు. ఆస్ట్రేలియాలో ఉలురు అనే ఎర్రటి మహాశిల 1873లో ఒక అధికారి పేరుతో ఏయర్స్ రాక్ అయింది. 1993లో మళ్ళీ పాత పేరు పక్కన చేరింది.

ఇదే పని ఇప్పుడు అంతరిక్షంలో జరుగుతోంది, కొంచెం మెరుగ్గా. మార్స్ మీద చిన్న గుంతలకి భూమి మీద చిన్న ఊళ్ళ పేర్లు పెట్టడం ఆనవాయితీ. అలా 2024లో ముర్సాన్, హిల్సా అనే ఉత్తర భారత పట్టణాల పేర్లు అక్కడికి చేరాయి. పట్టణంలో ఉన్నవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గాని, నాకు మాత్రం అది చదివినప్పుడు సంతోషం వేసింది. మార్స్ మీద మనకి తెలిసి ఎవరూ లేరు. ఉండి ఉంటే ఆ గుంతని వాళ్ళేమని పిలిచేవారు? ఈ సాహిత్యం చదవడం అలవాటైతే ఆ ప్రశ్న దానంతట అదే వస్తుంది.

భూమి వదిలి వెళ్ళిపోయిన పాత్రకి ఇంకా నేలతో పనేముంటుంది?

చాలా ఉంటుంది. 2007లో మలేషియా వ్యోమగామి షేక్ ముజఫర్ షుకోర్ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళినప్పుడు, అక్కడి నుంచి నమాజు ఎటు తిరిగి చేయాలన్న ప్రశ్న వచ్చింది. మలేషియా మతపెద్దలు కూర్చుని మార్గదర్శకాలు తయారు చేశారు. వీలైతే మక్కాలోని కాబా వైపు, కాకపోతే కాబాకి నేరుగా పైన ఆకాశంలో ఉండే చోటు వైపు, అదీ కుదరకపోతే భూమి వైపు, ఏదీ కుదరకపోతే ఎటైనా. కక్ష్యలో తిరిగే మనిషికి దిక్కులుండవు. అయినా తన నేల ఎటుందో వెతుక్కుంటాడు.

కథల్లో దీనికి సాటిగా నాకు కనిపించేది నైజీరియా మూలాలున్న నెడి ఒకోరఫోర్ రాసిన 'బింటి'. 2015లో వచ్చింది, సైన్స్ ఫిక్షన్‌లో పెద్దవైన హ్యూగో, నెబ్యులా రెండు బహుమతులూ గెలిచింది. బింటి హింబా అమ్మాయి. హింబాలు నమీబియా ఉత్తరాన ఉంటారు. ఎర్ర మట్టి, వెన్న కలిపి ఒంటికీ జుట్టుకీ పట్టించుకుంటారు. దాన్ని ఒట్జిజె అంటారు. బింటి ఇంట్లో చెప్పకుండా వేరే గ్రహంలో ఉన్న యూనివర్సిటీకి బయలుదేరుతుంది. వెంట తన ఊరి మట్టితో చేసిన ఒట్జిజె పట్టుకెళ్తుంది. ప్రయాణంలో చూసేవాళ్ళకి అది మురికి, ఆమెకి చర్మం. ఓడ మీద మెడ్యూస్ అనే జాతి దాడి చేస్తుంది. ఆ జాతివాళ్ళ గాయాలని ఆ మట్టి మాన్పుతుందని తర్వాత తెలుస్తుంది.

నేను పదే పదే తిరగేసేది చివరి పేజీలు. తెచ్చుకున్న ఒట్జిజె అయిపోవస్తుంది. కొత్త గ్రహం మీద అడవిలోకి పోయి మట్టి తవ్వుతుంది, అక్కడి మొక్కల నుంచి నూనె తీస్తుంది, కలిపి పక్కన పెడుతుంది. అది ఒట్జిజె అవుతుందో లేదో తెలియదు. స్నేహితుడైన మెడ్యూస్ గాయం మీద రాసి చూస్తుంది. గాయం మానుతుంది. అప్పుడు గాని ఆమె కుదుటపడదు. పరాయి మట్టి తన ఒంటి మీద తన మట్టిలా పనిచేస్తే తను ఇంకా తనేనా? ఈ పరీక్షని రచయిత్రి ఒక్క సిద్ధాంతం మాట వాడకుండా, చేతి వేళ్ళతో మట్టి పిసుకుతూ చేయించారు.

బాధపడినవాళ్ళే ఇంకో గ్రహానికి పోయి స్థిరపడితే? వాళ్ళూ ఆక్రమించినవాళ్ళే కారా?

అవుతారు. దాన్ని నిజాయితీగా ఒప్పుకున్న నవల 'మిడ్‌నైట్ రాబర్', హాప్కిన్సన్ 2000లో రాశారు. నా లెక్కలో ఈ సాహిత్యంలో అన్నిటికన్నా ముఖ్యమైన పుస్తకం ఇదే.

కరీబియన్ ప్రజలు ఒక గ్రహానికి వలస వెళ్ళి టూసాంట్ అని పేరు పెట్టుకుంటారు. హైతీలో బానిసల తిరుగుబాటుని నడిపిన టూసాంట్ లువెర్చూర్ పేరు అది. గ్రహం మొత్తాన్నీ చూసుకునే కంప్యూటర్ మేధ పేరు గ్రానీ నానీ. జమైకాలో పారిపోయిన బానిసలకి నాయకత్వం వహించి బ్రిటిష్‌వాళ్ళతో పోరాడిన నానీని తలుచుకుని పెట్టిన పేరు. అక్కడ ఎవరూ నడుం వంగేలా చాకిరీ చేయరు. ఒకప్పుడు బానిసలైనవాళ్ళ పిల్లలకి ఇంతకన్నా మంచి లోకం ఏముంటుంది?

కానీ ఆ గ్రహం మీద ముందే డూవెన్ అనే జీవులు ఉండేవి. మనుషులు వచ్చి నేలని తమకి అనువుగా మార్చుకున్నప్పుడు అవి అంతరించిపోయాయి. టూసాంట్‌లో పెరిగిన పిల్లలకి ఈ సంగతి ఎక్కడో పాఠంలో ఒక ముక్క, అంతే. టాన్-టాన్ అనే అమ్మాయి తండ్రితోపాటు న్యూ హాఫ్-వే ట్రీ అనే లోకానికి బహిష్కరణకి పోతుంది. అది మరో కోణంలో ఉన్న టూసాంటే, మనుషులు దాన్ని మార్చకముందు ఎలా ఉండేదో అలా. అక్కడ డూవెన్‌లు బతికే ఉన్నారు. ట్రినిడాడ్ జానపద కథల్లో డూవెన్ అంటే పాదాలు వెనక్కి తిరిగి ఉండే పిల్ల దయ్యం. తాము చంపేసినవాళ్ళకి దయ్యాల పేరు పెట్టుకున్నారన్నమాట!

టాన్-టాన్ కష్టంలో పడితే ఆ డూవెన్‌లే తమ ఇల్లు అయిన మహావృక్షంలోకి తీసుకుపోయి దాచుకుంటారు. ఆమె వల్ల మనుషులకి వాళ్ళ చోటు తెలిసిపోతుంది. చివరికి వాళ్ళకి ఆ చెట్టు దక్కదు. చెట్టు పోయే ఘట్టం చదివినప్పుడు నాకు టాన్-టాన్ మీద కోపం రాలేదు, ఆమెని క్షమించాలనీ అనిపించలేదు. ఆమెకి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. అయినా నష్టం నష్టమే. పీడితులు కాబట్టి ఏం చేసినా సరే అనే వెసులుబాటు ఈ నవల ఎవరికీ ఇవ్వదు. ఇంత కఠినంగా తన సొంతవాళ్ళ గురించి రాయడానికి ఎంత ప్రేమ కావాలో.

గ్రహాలు, ఓడలు నచ్చనివాళ్ళకి? ఇక్కడి నగరాల మీద ఏమైనా ఉందా?

ఉంది. ఒకోరఫోర్‌దే 'లగూన్', 2014 నవల. గ్రహాంతరవాసులు లండన్, న్యూయార్క్ వదిలేసి నైజీరియా నగరం లాగోస్ పక్క సముద్రంలో దిగుతారు. మొదట మాట్లాడేది మనుషులతో కాదు, చేపలతో. మొదటి పేజీల్లోనే ఒక కత్తిచేప చమురు పైపుని పొడిచేస్తుంది. నీళ్ళు శుభ్రపడతాయి, సముద్రజీవులు కోరుకున్న రూపం పొందుతాయి. ఇంకో చోట జనాన్ని మింగడం మరిగిన హైవే ప్రాణం పోసుకుని లేస్తుంది. ప్రమాదాలకి పేరుపడిన రోడ్డు మీద రోజూ ప్రయాణించేవాళ్ళకి ఆ అధ్యాయంలో అతిశయోక్తి ఏమీ కనిపించదు.

2009లో వచ్చిన 'డిస్ట్రిక్ట్ 9' సినిమా చాలామంది చూసే ఉంటారు. దక్షిణాఫ్రికాలో జొహన్నెస్‌బర్గ్ మీద గ్రహాంతరవాసుల ఓడ ఆగిపోతుంది, దిగినవాళ్ళని మురికివాడలో పెడతారు, తర్వాత అక్కడి నుంచీ ఖాళీ చేయిస్తారు. దీని వెనక కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట చరిత్ర ఉంది. 1966లో దాన్ని తెల్లవాళ్ళ ప్రాంతంగా ప్రకటించి 60,000 మందికి పైగా జనాన్ని తరిమేశారు. ఖాళీ చేయించే దృశ్యాలు గుండె పట్టేస్తాయి. కానీ అదే సినిమా నైజీరియన్లని గ్రహాంతరవాసుల మాంసం తినే ముఠాగా చూపించింది. నైజీరియా ప్రభుత్వం దాని ప్రదర్శన ఆపమంది. ఒకోరఫోర్‌కి 'లగూన్' రాయాలన్న ఆలోచన ఆ కోపంలోంచే మొదలైంది. రెండూ వెంటవెంటనే చూసి, చదవండి.

వందనా సింగ్ కథ 'ఢిల్లీ'లో ఒకతనికి అదే వీధిలో గతంలో నడిచినవాళ్ళు, భవిష్యత్తులో నడవబోయేవాళ్ళు కనిపిస్తుంటారు. చిన్న కథ, ఒక గంటలో అయిపోతుంది.

ఆనకట్టలు, నీళ్ళ గురించి ఎవరైనా రాశారా?

నమ్‌వాలి సెర్పెల్ రాసిన 'ది ఓల్డ్ డ్రిఫ్ట్'. 2019లో వచ్చింది, మరుసటి ఏడు ఆర్థర్ సి. క్లార్క్ బహుమతి వచ్చింది. జాంబియా కథ, మూడు కుటుంబాల మీద, వందేళ్ళకి పైగా. నడుమ జాంబెజీ నది మీద కరీబా ఆనకట్ట ఉంటుంది. దాని కోసం లోయలో ఉండే టోంగా ప్రజల్ని, రెండు ఒడ్లూ కలిపి దాదాపు 57,000 మందిని లేపేశారు. నదిలో న్యామిన్యామి అనే దేవుడున్నాడనీ, ఆయన ఊరుకోడనీ వాళ్ళ నమ్మకం. కట్టేటప్పుడు వచ్చిన పెను వరదలు ఆ నమ్మకాన్ని ఇంకా గట్టిపరిచాయి.

ఈ నవలలో ఎడ్వర్డ్ మకూకా ఎన్‌కొలోసో కూడా ఉన్నాడు. నిజం మనిషి. 1964లో జాంబియాకి స్వాతంత్ర్యం వస్తున్న రోజుల్లో సొంతంగా అంతరిక్ష కార్యక్రమం మొదలుపెట్టి, తన శిష్యుల్ని నూనె పీపాలో కూర్చోబెట్టి కొండ మీద నుంచి దొర్లించి శిక్షణ ఇచ్చాడు. పాశ్చాత్య పత్రికలు అప్పుడు నవ్వుకున్నాయి. సెర్పెల్ నవ్వరు. నేల చేతికొచ్చిన మొదటి రోజునే ఆకాశం కూడా మనదే అనుకున్న మనిషిలా చూపిస్తారు. నాకూ ఆయన అలాగే కనిపిస్తాడు.

ఆస్ట్రేలియా, కెనడా మూలవాసులు రాసేది కూడా ఇందులోకే వస్తుందా?

వాళ్ళలో చాలామంది ఒప్పుకోరు. "పోస్ట్" అంటే అయిపోయిందని కదా, మా దగ్గర వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళనేలేదు అంటారు. అందులో న్యాయం ఉంది. వాళ్ళ రచనలకి ఇండిజినస్ ఫ్యూచరిజమ్స్ (మూలవాసుల భవిష్యత్ ఊహలు) అనే పేరు పరిశోధకురాలు గ్రేస్ డిల్లన్ పెట్టారు.

ఆస్ట్రేలియా మూలవాసుల్లో నూంగర్ జాతికి చెందిన రచయిత్రి క్లెయిర్ జి. కోల్‌మన్ 2017లో రాసిన 'టెరా నల్లియస్' తప్పక చదవండి. అందులో ఒక మలుపు ఉంది, తెలియకుండా చదవాలనుకుంటే ఈ పేరా వదిలేయండి. మొదట్లో అది పాత ఆస్ట్రేలియా వలస చరిత్రలా సాగుతుంది: సెటిలర్లు, పిల్లల్ని లాక్కుని పెట్టిన మిషన్ బడులు, ఎడారిలో పారిపోయేవాళ్ళు. సగం దగ్గర తెలుస్తుంది, సెటిలర్లు వేరే గ్రహం వాళ్ళనీ, "నేటివ్‌లు" అంటే మొత్తం మనుషులనీ. అప్పటిదాకా సెటిలర్లు ఆ ఎండని, పొడిని ఎందుకంత అసహ్యించుకున్నారో వెనక్కి తిరిగి చూస్తే అర్థమవుతుంది. ఆ నేల వాళ్ళ ఒంటికి పడదు.

వలస పాలన నడుస్తున్నప్పుడే ఇలాంటివి ఎవరూ రాయలేదా?

రాశారు. జగదీశ్ చంద్ర బోస్ 1896లో రాసిన బెంగాలీ కథలో, కలకత్తా మీదికి వస్తున్న తుపాను సముద్రంలో పోసిన తలనూనె సీసాతో శాంతిస్తుంది. ప్రభుత్వ వాతావరణ శాఖకి కారణం అంతుపట్టదు. 1905లో రొకెయా సఖావత్ హుసేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' మద్రాసు పత్రికలో వచ్చింది. అందులో స్త్రీలు ఎండని, వానని పట్టి వాడుకుంటారు, మగవాళ్ళు ఇంట్లో పరదాలో ఉంటారు. వీధులంతా తోటలే.

ఆఫ్రోఫ్యూచరిజం, ఆఫ్రికన్‌ఫ్యూచరిజం ఒకటేనా?

కాదు. మొదటిది అమెరికాలోని నల్లజాతివాళ్ళ అనుభవం మధ్య నుంచి 1990లలో వచ్చిన మాట. రెండోది 2019లో ఒకోరఫోర్ పెట్టుకున్న పేరు. కథ ఆఫ్రికా నేలలోనే వేళ్ళూనాలి, అక్కడి నుంచే బయటికి చూడాలి అన్నది ఆమె మాట.

నేనూ ఇలాంటి కథ రాయాలనుకుంటున్నాను. నేలని ఎలా పట్టుకోవాలి?

ముందు మ్యాప్ గీయకండి. పై నుంచి చూడడం సర్వేయర్ పని. మీ పాత్ర చెప్పులు లేకుండా నడిస్తే కాలికి ఏం తగులుతుందో రాయండి. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, ఎవరు మోస్తారు, చనిపోయినవాళ్ళని ఎక్కడ పెడతారు, ఈ మూడూ తెలిస్తే లోకం సగం తయారైనట్టే. రెండు చందమామలున్న గ్రహం మీద పున్నమి పండగ ఎప్పుడు చేసుకుంటారో తేల్చడానికి ఇంట్లో ఎంత గొడవ పడతారో ఊహించండి, పాత్రలు వాటంతట అవే మాట్లాడతాయి.

ఇంకో మాట. అక్కడ ముందే ఎవరున్నారో మీకు తెలిసి ఉండాలి, కథలో వాళ్ళు కనిపించకపోయినా సరే. వాళ్ళ మాటల్లో ఆ చోటుకి ఒక పేరు కూడా పెట్టుకోండి.

ఏ వరసలో చదివితే మంచిది?

'బింటి'తో మొదలుపెట్టండి, ఒక్క పూటలో అయిపోతుంది. తర్వాత 'ఢిల్లీ' కథ, 'లగూన్', 'టెరా నల్లియస్'. 'ది ఓల్డ్ డ్రిఫ్ట్' లావు పుస్తకం, సెలవులకి పెట్టుకోండి. 'మిడ్‌నైట్ రాబర్' చివరికి ఉంచండి. అది ట్రినిడాడ్, జమైకా యాసలు కలిపిన ఇంగ్లిష్‌లో ఉంటుంది. మొదటి పది పేజీలు కంటితో చదివితే టెన్షన్ వస్తుంది. పైకి చదవండి. నోటితో పలికితే ఆ యాస పట్టుబడుతుంది, పట్టుబడ్డాక ఆ కథని వేరే ఇంగ్లిష్‌లో ఊహించుకోలేరు.